హైటెక్ సిటీ నుంచి గేలం వేటకి

(స్వర్ణోత్సవాల సందర్భంగా హైదరాబాద్‌లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు మాదాపూర్‌లో జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా ముందు మాట్లాడిన డాక్టరు గారు గుండె గురించి చెప్పారు. ఆయన తర్వాత మాట్లాడినవారు పిల్లల చదువుల గురించి చెప్పారు. నా వాటాకి చేపలు వచ్చాయి. 'ఆటవిడుపు' అనే శీర్షిక కింద నా పేరు వేసి, 'నువ్వు సముద్రంలోకి వెళ్ళి చేపలు పడతావటగా, అది చెప్పు' అన్నారు నిర్వాహకులు. ముందు వరుసలో లెక్కల మాస్టారు కూర్చున్నారు. ఆయన ఎదురుగా నిలబడటం నాకు కొత్తేం కాదు. అప్పట్లో బెంచీ మీద నిలబడేవాణ్ణి, ఇవాళ మైకు ముందు నిలబడ్డాను. అంతే తేడా.

మనం కూర్చున్న ఈ చోటికి సముద్రం ఎంత దూరమో ఒకసారి చూడండి. బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి వెళ్ళాలన్నా మూడు వందల కిలోమీటర్ల పైమాటే. విశాఖ అయితే ఆరు వందలు దాటుతుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మనలో చాలామంది సముద్రపు ఒడ్డు వదిలి ఈ రాళ్ళ గుట్టల మధ్యకి వచ్చి పడ్డాం. నేనూ అలా వచ్చినవాణ్ణే. ఏడాదికి నాలుగైదు సార్లు, శుక్రవారం నాడు, భుజాన లాప్‌టాప్ సంచీతో పాటు చేతిలో ఓ పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం పట్టుకుని ఆఫీసుకి వెళతాను. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ప్రతిసారీ ఆపుతాడు. అందులో గేలం కర్ర ఉందంటే నమ్మడు. 'దుర్గం చెరువులో చేపలు పట్టకూడదు సార్' అని ఒకసారి హెచ్చరించాడు కూడా.

సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. అది అయిదు గంటల ప్రాంతంలో కదులుతుంది కాబట్టి నాలుగింటికి ముందే ఆఫీసు నుంచి బయటపడాలి. నిజం చెప్పాలంటే, చేపని పట్టడం కన్నా ఆ మీటింగు నుంచి జారుకోవడం కష్టం. శనివారం తెల్లవారేసరికి విశాఖ. ఆ రోజు అమ్మ చేతి భోజనం. ఆదివారం తెల్లవారుజామున పడవ, సాయంత్రం మళ్ళీ గోదావరి, సోమవారం పొద్దున్న మళ్ళీ ఆఫీసు. మా ఆవిడకి ఈ లెక్క ఇప్పటికీ అర్థం కాలేదు. 'ఆ టికెట్ల డబ్బుతో రాంనగర్ మార్కెట్లో ఏడాదికి సరిపడా చేపలొస్తాయి కదా' అంటుంది. ఆ లెక్క తప్పని నేనెప్పుడూ అనలేదు.

ఇంతకీ మేం చేసేదేమిటో చెబుతాను. దీన్ని ట్రోలింగ్ అంటారు. ట్రాలింగ్ వేరు, ట్రోలింగ్ వేరు. ట్రాలింగ్ అంటే మరబోటు వెనక పెద్ద వల కట్టి ఈడ్వడం. మాది ఒక్కో దారానికి ఒక్కో ఎర. రంగురంగుల చేపపిల్లలా కనిపించే చెక్క ఎరనో, ప్లాస్టిక్ ఎరనో పడవ వెనక చాలా దూరం వదిలి, ఆరు నాట్ల వేగంతో, అంటే గంటకి పదకొండు కిలోమీటర్ల చొప్పున పడవని నడుపుతాం. సైకిల్ తొక్కే వేగమన్నమాట. వేటాడే చేప అది పారిపోతున్న చిన్న చేప అనుకుని వెంటపడి కొరుకుతుంది. అప్పుడు రీలు కుయ్‌మని అరుస్తుంది. ఆ చప్పుడు కోసమే ఆరు వందల కిలోమీటర్లు.

మన వైపు ఎక్కువగా పడేది కోనాం. ఇక్కడ హోటళ్ళ మెనూలో దాన్నే వంజరం అంటారు. పళ్ళు కత్తెరలా ఉంటాయి, మామూలు నైలాన్ దారాన్ని కొరికేస్తుంది. అందుకని కొక్కెం దగ్గర జానెడు ఉక్కు తీగ కడతాం. రాళ్ళ దగ్గర పారలు, ఇంకా లోతుకి వెళితే సూర, అంటే ట్యూనా. ఏటి మొగల దగ్గర, గోస్తనీ నది కలిసే భీమిలి లాంటి చోట, పండుగప్ప. రోజంతా తిరిగి ఒక్క చేప కూడా పడకుండా తిరిగొచ్చిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో మాత్రం అమ్మ ముందుగానే పప్పుచారు పెట్టి ఉంచుతుంది.

ఇక్కడ మీకో వింత సంగతి చెప్పాలి. సముద్రం లేని ఈ హైదరాబాద్‌లోనే సముద్రం మీద దేశమంతటికీ కబురు చెప్పే సంస్థ ఉంది. హైటెక్ సిటీ నుంచి జేఎన్‌టీయూ మీదుగా ప్రగతినగర్ వైపు వెళితే వస్తుంది. దాని పేరు ఇన్‌కాయిస్, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో ఏర్పడింది. 2004 డిసెంబరు సునామీ తర్వాత, 2007లో సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం కూడా అక్కడే పెట్టారు. సముద్రం పైపొర ఎంత వెచ్చగా ఉంది, నీటిలో పచ్చదనం ఎక్కడ ఎక్కువగా ఉంది అన్నది ఉపగ్రహాలు కొలుస్తాయి. చల్లని నీరూ వెచ్చని నీరూ కలిసే అంచున నాచు పెరుగుతుంది, నాచు కోసం చిన్న చేప, చిన్న చేప కోసం పెద్ద చేప చేరతాయి. ఆ అంచులు ఎక్కడున్నాయో లెక్కగట్టి, ఏ ఒడ్డు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో వేట దొరకొచ్చో తీరంలోని మత్స్యకారులకి వాళ్ళ భాషలోనే చెబుతారు. అలలెంత ఎత్తు లేస్తాయో, గాలి ఎంత ఉంటుందో కూడా చెబుతారు. అంటే మన బడి ఎదురుగా ఉన్న ఒడ్డుకి వేట కబురు వెళ్ళేది మనం బిర్యానీ తినే ఊరి నుంచి!

నేను కంప్యూటరు మనిషిని కాబట్టి మొదట్లో ఆ పటం చూసుకునే బయల్దేరేవాణ్ణి. మా పడవ నడిపే సరంగు కూడా ఆ కబురు వింటాడు, కొట్టిపారేయడు. విన్నాక మాత్రం ఒడ్డున కాసేపు ఊరికే నిలబడతాడు. నీటి రంగు చూస్తాడు. పక్షులు ఎటు దిగుతున్నాయో చూస్తాడు. పాటు నీరు ఎటు లాగుతోందో చూస్తాడు. ఉపగ్రహం పది మైళ్ళ మేర చెబితే, అందులో మన పడవ ఎక్కడ తిరగాలో అతను చెబుతాడు. లోపలికి వెళ్ళాక ఒడ్డున ఉన్న కొండనీ, దీపస్తంభాన్నీ ఒక వరసలోకి తెచ్చుకుని, 'ఇదిగో, ఇక్కడ అడుగున రాయి ఉంది' అంటాడు. ఎర వదిలితే నిజంగానే ఉంటుంది.

ఆ సరంగు ఎవరో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. అతను మన బడి పిల్లాడే. ఏడో తరగతి దాకా నా పక్క బెంచీలో కూర్చున్నాడు. పేరు చెప్పొద్దని అతనే అన్నాడు కాబట్టి చెప్పను. ఆ క్లాసు వాళ్ళకి ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. వేట బాగా సాగే రోజుల్లో వారాల తరబడి బడికి వచ్చేవాడు కాదు. హాజరుపట్టీలో వరసగా సున్నాలు పడేవి. ఎనిమిదో తరగతిలో పేరే లేదు. మన సాంఘికశాస్త్రం మాస్టారు గాలులూ ప్రవాహాలూ పాఠం చెప్పిన రోజున అతను క్లాసులో లేడు. ఆ గాలిలోనే పడవ మీద ఉన్నాడు.

రెండేళ్ళ క్రితం మా ఆఫీసు వాళ్ళు నలుగురు నాతో వచ్చారు. డిసెంబరు నెల. ఫోనులో చూస్తే హెచ్చరికలేమీ లేవు, ఎండ కూడా బాగానే వచ్చేలా ఉంది. అతను ఒడ్డున నిలబడి చాలాసేపు చూసి, 'ఇయాల వద్దురా, నీరు బాగోలేదు' అన్నాడు నాతో. మా వాళ్ళలో ఒకాయన సెలవు పెట్టుకుని, విమానం టికెట్లు కొనుక్కుని వచ్చాడు. 'డబుల్ ఇస్తాం, రెండు గంటలు తిప్పి తీసుకురండి' అన్నాడు. అతను నవ్వాడు. 'డబ్బులైతే తిరిగిచ్చేత్తాను బాబూ. మీకేమన్నా అయితే నేనెక్కడ్నించి తెచ్చిచ్చేది?' అన్నాడు. తీసుకున్న బయానా లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. ఆ రోజు ఏ తుపానూ రాలేదు. కానీ మధ్యాహ్నానికి అల పెరిగింది. వేటకి వెళ్ళిన చిన్న పడవలు ఒడ్డు చేరడానికి ఎంత అవస్థ పడ్డాయో మేం ఇసకలో నిలబడి చూశాం. ఒక రోజు సంపాదన వదులుకుని అతను మాకిచ్చిన జీతం లేని పాఠం అది. మా ఆఫీసుల్లో 'ఇవాళ రిలీజ్ వద్దు' అని చెప్పగల మనిషి ఎంత అరుదో ఇక్కడున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ తెలుసు.

మేం సరదాగా చేసే పని వాళ్ళకి ప్రాణంతో బేరం. కొమ్ముకోనాం అనే చేప ఉంది. ఇంగ్లీషులో మార్లిన్ అంటారు. మూతి బల్లెంలా ఉంటుంది. గేలం సరదా ఉన్నవాళ్ళకి ప్రపంచమంతా అదే కల. 1953లో పెరూ తీరంలో ఒక అమెరికన్ కర్రా రీలుతో పట్టిన నల్ల మార్లిన్ 707 కిలోలు తూగింది, ఆ రికార్డు ఇంకా నిలిచే ఉంది. అదే చేప 2025 జూలైలో మన పక్కనే, అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి వేటకెళ్ళిన ఒక మత్స్యకారుణ్ణి, పడవలోకి లాగబోతుండగా, తాడుతో సహా నీళ్ళలోకి లాక్కుపోయింది. ఒకరికి గోడ మీద పటం, ఇంకొకరికి ఇంట్లో దీపం ఆరిపోవడం. ఆ వార్త చదివాక నేను కొమ్ముకోనాం పట్టాలన్న కోరిక పైకి చెప్పడం మానేశాను.

మీలో ఎవరికైనా ఈ సరదా పుడితే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. రిజిస్ట్రేషను నంబరున్న పడవే ఎక్కండి. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. తీర రక్షక దళం నంబరు 1554, అది ఫోనులో ఉండాలి. ముందు రాత్రి బిర్యానీ తినకండి, మర్నాడు చేపలకి పెట్టాల్సి వస్తుంది. సర్కిల్ కొక్కెం వాడితే అది చేప పొట్టలోకి దిగకుండా దవడ అంచునే పట్టుకుంటుంది, చిన్న చేపని బతికుండగా వదిలేయొచ్చు. వదిలేటప్పుడు చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురుపొర ఊడిపోతుంది. వేల్‌షార్క్, తాబేలు కనిపిస్తే దండం పెట్టి పక్కకి తప్పుకోండి. చట్టం కూడా అదే చెబుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. మృగశిర కార్తెనాడు, జూన్ 8 ప్రాంతంలో, హైదరాబాద్ అంతా చేపల కోసం బారులు తీరుతుంది. ఆ రోజుకి మన ఊళ్ళో మరబోట్లు ఇంకా లంగరు వేసే ఉంటాయి. జీవనోపాధి ఉన్నవాళ్ళే రెండు నెలలు పస్తులకి సిద్ధపడి ఆగుతుంటే, సరదా కోసం వెళ్ళే మనం ఒక్క గేలమైనా వేయకూడదు. ఆ రెండు నెలలూ నా కర్ర అటక మీదే ఉంటుంది.

ఇక చివరగా సంఘం పెద్దలకి ఒక విన్నపం. స్వర్ణోత్సవాల సభ్యత్వ పత్రం నాకూ వచ్చింది. అందులో 'పదో తరగతి ఉత్తీర్ణులైన సంవత్సరం' అని ఒక గడి ఉంది. అది నింపకపోతే సభ్యత్వం లేదట. నా స్నేహితుడికి ఆ పత్రం చూపించాను. చదివి, మడిచి, నా చేతికే ఇచ్చేశాడు. 'నాది కాదులేరా ఇది' అన్నాడు. మన బడిలో ఏడేళ్ళు చదివి, మన ప్రార్థన పాడి, మన మాస్టార్ల చేత దెబ్బలు తిన్నవాడు మనవాడు ఎలా కాకుండా పోతాడు? అలాంటివాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ పది మంది ఉంటారు. పాలెం పిల్లలే ఎక్కువ. ఆ గడి కొట్టేసి, 'బడిలో చదివిన సంవత్సరాలు' అని వేయండి. అచ్చు ఖర్చు నేను పెట్టుకుంటాను.

గురువులకి ఇంకో మాట. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో ఒక్క శనివారం పాలెం నుంచి ఒక సరంగుని పిలిచి, మీ కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లలకి చేపల పేర్లూ, గాలుల గుర్తులూ చెప్పించండి. కోనాం అనే పేరు మన పిల్లలకే తెలియకుండా పోతోంది. ఆ వేటకి పోయి సున్నాలు పడిన పిల్లలకి తమ తండ్రి చేతిలోనూ చదువుందని ఆ రోజు తెలుస్తుంది. మర్నాడు బడికి వస్తారేమో కూడా.

జనవరిలో సముద్రం నెమ్మదిస్తుంది. వచ్చేవాళ్ళు పేర్లివ్వండి. పడవలో ఆరుగురికి చోటుంది. లెక్కల మాస్టారికి మాత్రం టికెట్ లేదు, పడిన చేపలు లెక్కపెడితే చాలు.