చికిత్సకు మూడవ పాదము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ వేళ గ్రంథములను గూర్చి మాటాడుట ఆచారము. నేనును ఒక గ్రంథముతోనే ప్రారంభింతును. చరకసంహితయందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వీనిలో ఏ యొక్కటి లోపించినను చికిత్స కుంటువడును. నేడు వైద్యునకు జీతము కలదు. ఔషధమునకు వెల కలదు. రోగికి చీటి కలదు. మూడవ పాదమైన పరిచర్యకు మాత్రము మన ఖాతాలలో సరియైన పద్దు లేదు. ఏలన, అది యెక్కువగా స్త్రీల చేతిలో నున్నది. వృత్తిచేత లెక్కలు వ్రాయువాడను గనుక ఈ విషయమునే మీ ముందుంచుచున్నాను.

మన ఆర్మూరు ప్రాంతము పసుపునకు పెట్టినది పేరు. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదు కేంద్రముగా నేర్పడినది. ఆ పంటలో దుంప నుండి కొమ్ములు విరిచి వేరుచేయుట మొదలు ఎండబోయుట వరకు స్త్రీల చేయి పడని పని యరుదు. పొలము పని లేనినాడు ఆమె చాట నొడిలో నుంచుకొని, తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారము చుట్టి బీడీలు చేయును. వేయి బీడీలకు ఇంత యని కూలి. వంగిన వెన్ను, పొగాకు ధూళి, దగ్గు, తలనొప్పి ఆ కూలితో కూడ వచ్చునవి. పురుషులనేకులు గల్ఫు దేశములకు వలస పోవుటచే అత్తమామల రోగము, పిల్లల జ్వరము, ఇల్లు, పొలము అన్నియు ఆమెపైననే పడినవి.

అట్టి యామెకు జ్వరము వచ్చినచో నేమగును? ఆనాటి బీడీలు కావు; ఆనాటి కూలి రాదు. కావున ఆమె జ్వరమును దాచుకొనును. ఆసుపత్రికి పోవలెనన్న తోడు కావలెను, చేతిలో పైకము కావలెను, ఇంటివారి యనుమతి కావలెను. ఈ మూడును సమకూరునప్పటికి రోగము ముదురును. 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టము ఇంటివద్ద బీడీలు చేయువారికి సయితము ప్రసూతి సౌకర్యమును వర్తింపజేసెను. మంచిదే. కాని రిజిస్టరులో పేరెక్కినవారికే గదా చట్టము కనబడును! పేరెక్కనివారు ఆ చట్టమునకు వెలుపలనే నిలిచిపోయిరి.

ఇక వైద్యవ్యవస్థ ఆమెను చూచు తీరు విచారింతము. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములోని స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. పురుషులలో 25 మందికి. మన తెలంగాణములో స్త్రీల సంఖ్య 57.6. అందరు తినిన పిదప మిగిలినది తినుట సద్గుణమని మనము బోధించిన ధర్మమునకు ఫలములో కొంత పాలు కలదు. అదే సర్వేలో, దంపతులలో సంతాన నిరోధ శస్త్రచికిత్స స్త్రీకి జరిగినవి నూటికి 37.9, పురుషునకు జరిగినవి 0.3 మాత్రమే. పురుషునకు చేయు శస్త్రచికిత్స సులభతరము, నిరపాయకరము నని వైద్యులే చెప్పుదురు. అయినను కత్తి యామె వైపే తిరుగుచున్నది. మన రాష్ట్రములో కాన్పులలో నూటికి 60.7 కోతతో జరిగినవి; దేశపు సగటు 21.5. అంతకు మునుపటి 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు దేశములో నూటికి 3.2 కాగా, తెలంగాణములో 7.7, ఆంధ్రప్రదేశములో 8.9.

అవసరమైన శస్త్రచికిత్స ప్రాణప్రదము. దానిని నిందించుట నా యుద్దేశము కాదు. కాని, స్త్రీ గర్భమునకు ఇన్ని ద్వారములు తెరచిన వ్యవస్థ ఆమె వెన్నునొప్పికి, దగ్గునకు, రక్తలేమికి అంతటి శ్రద్ధ చూపుచున్నదా యని ప్రశ్నింపక తప్పదు.

పరిచర్య యింటితో నాగలేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆరంభమైనప్పుడు రమారమి వేయిమంది జనమునకు ఒక ఆశ కార్యకర్తను నియమించిరి. గర్భిణిని ఆసుపత్రికి తీసికొనిపోవునది ఆమె. టీకాలకు పిల్లలను పోగుచేయునది ఆమె. కరోనా కాలమున ఇల్లిల్లు తిరిగినది ఆమె. అయినను ఆమె ఉద్యోగిని కాదట, స్వచ్ఛంద సేవిక యట! చేసిన పనిని బట్టి పారితోషికము, దానిపై రాష్ట్రము లిచ్చు కొంత మొత్తము, అంతియే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశలకు పురస్కార మిచ్చినది. సన్మానము జరిగినది కాని జీతము నిర్ణయము కాలేదు.

ఇది మన దేశమునకే పరిమితము కాదు. ఆరోగ్యరంగమున పనిచేయువారిలో ప్రపంచమంతటను నూటికి 70 మంది స్త్రీలే. ఉన్నతాధికార పదవులలో మాత్రము 25 మంది. ఈ సంఖ్యలను ప్రపంచ ఆరోగ్య సంస్థయే 2019లో ప్రకటించెను. బీదదేశమునకు జీతము లిచ్చు శక్తి యెక్కడిది యందురా? ఇథియోపియా మనకంటె బీదదేశము. 2003లో ఆరంభించిన పథకము క్రింద గ్రామ ఆరోగ్య సేవికలకు శిక్షణ యిచ్చి జీతముపై నియమించినది. పాకిస్థానమున 1994లో ఆరంభమైన పథకపు సేవికలు చిరకాలము పోరాడి ప్రభుత్వోద్యోగులైరి. కొరత ధనమునకు కాదు, దృష్టికి.

సేవకు వెలకట్టిన దాని పవిత్రత పోవునని కొందరు పెద్దలందురు. పురోహితునకు దక్షిణ యిచ్చినంత మాత్రమున మంత్రము మైలపడుట లేదు గదా! వైద్యునకు రుసుము చెల్లించుటలో లేని దోషము పరిచారికకు జీత మిచ్చుటలో నెట్లు వచ్చును?

స్త్రీకి అధికార మప్పగించిన నేమగునో మన జిల్లాలోనే నిదర్శనము కలదు. వంద యేండ్లకు పూర్వము డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి వెలసినది. దాని నిర్మాణమునకు, ఖ్యాతికి మూలమైన వైద్యురాలు ఇసబెల్ కెర్. నిజామాబాదు వాసి రాజా నర్సాగౌడు ఉదారముగా విరాళ మొసగిరి. 1932లో ఆమె గతించువరకు, లోకము వెలివేసిన రోగులు ఆమె వద్దకు వచ్చుచుండిరి.

మన గ్రంథాలయము చేయదగినది కొంత కలదు. క్యూబా దేశములో 1865 నుండి చుట్టల కార్ఖానాలలో పనివారు చేతులతో చుట్టలు చుట్టుచుండగా ఒకరు పత్రికలు, పుస్తకములు చదివి వినిపించు ఆచారము కలదు. మన బీడీల యరుగులపై అట్టి పఠనమేల జరుగరాదు? చేతులు తీరిక లేనివైనను చెవులు తీరికగనే యున్నవి. వారమున కొక మధ్యాహ్నము ఆహారము, రక్తహీనత, ప్రసూతి, శస్త్రచికిత్సకు ముందు వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు, కార్మికుల హక్కులు, వీనిని గూర్చి తేట తెలుగున చదివి వినిపింతము. చదువ నేర్చిన యాడపడుచులే ఆ పని చేయవలెను. దానికి గ్రంథాలయ నిధి నుండి కొంత పారితోషిక మీయవలెను. ఉచితసేవ యని వారి శ్రమను మనమును దోచుకొనరాదు. మరియు కార్యవర్గమున సగము స్థానములు స్త్రీలకు కేటాయింపుడని మనవి.

మూడవ పాదమును విరుగగొట్టి, చికిత్స నడుచుట లేదని విలపించుట వివేకము కాదు. వచ్చు ఏటి జమాఖర్చు పుస్తకమున ఆ పద్దును తెరవుడు.