సూక్ష్మరేణువులును నాడీకణములును



సంస్కృతము చెప్పుకొని బ్రదికిన పంతులకు చేలమందుల ప్రసంగమెందుకని మీరనుకొనవచ్చును. నా శిష్యుడొకడు ప్రత్తిచేలో మందు కొట్టుచు గట్టుపై కూలిననాటినుండి యీ చింత నన్ను విడువలేదు. నోట చొంగ కారుచుండెను. కనుపాపలు సూదిమొనలవలె ముడుచుకొనియుండెను. దైవానుగ్రహమున బ్రదికెను.

దీని కారణము విస్పష్టము. నాడి తన సందేశమును ఒక రసద్రవ్యము ద్వారా కండకు పంపును. పని ముగియగనే ఆ ద్రవ్యమును హరించు ఎంజైము దేహమున కలదు. మోనోక్రోటోఫాస్ వంటి మందులు ఆ ఎంజైమును బంధించును. అంతట సందేశమాగదు, కండలు అదరి యదరి, తుదకు శ్వాస నిలిచిపోవును. ఈ మందును కూరగాయలపై వాడరాదని 2005లోనే నిషేధము కలిగినది. ఐనను 2013లో బీహారులోని యొక బడియందు మధ్యాహ్నభోజనమున నీ విషము కలిసి 23 మంది బాలబాలికలు మృతినొందిరి.

ఇప్పుడు నానోపదార్థముల కాలము వచ్చినది. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. 2021లో నానో యూరియా అరలీటరు సీసాలలో వెలువడినది. ఇట్టివానిని పరీక్షించు విధానమును కేంద్రప్రభుత్వము 2020లో ప్రకటించియుండెను. నానో యూరియా విషమని నేననను. కాని వెండి, జింకు ఆక్సైడు మున్నగువాని నానోరేణువులు ప్రయోగశాలలో నాడీకణములకు హాని చేసినట్లు పరిశోధకులు కనుగొనిరి. 2004లో ప్రకటితమైన యొక పరిశోధనలో, ఎలుకలు పీల్చిన కర్బన సూక్ష్మరేణువులు మెదడునందలి ఘ్రాణభాగమున కనబడెను. ముక్కునందలి నాడియే వానికి మార్గమైనదని పరిశోధకులు తలచిరి. 2016లో మెక్సికో నగరము, మాంచెస్టరు వాసుల మెదళ్లలో ఇనుప సూక్ష్మరేణువులు కనబడినవి; అవి కలుషితమైన గాలినుండి చేరియుండునని శాస్త్రజ్ఞులు భావించిరి. చేలో పీల్చిన మోతాదు మనుజుని నాడికి ఎంత కీడు చేయునో యింకను తేలలేదు. తేలనంతమాత్రమున భయము లేదనరాదు. ప్రాతమందుల గుణమును మనము చావులు చూచి నేర్చుకొంటిమి. క్రొత్తవాని విషయమున ముందుగనే మేలుకొందము.

సోదరులారా! గుంటూరు యార్డులో మిరప క్వింటాలు ధర యెంతయని ప్రతిదినమును అడుగుచున్నాము. పంపు మోయు కూలివాని ముక్కునకు ముసుగున్నదాయని ఏనాడైన అడిగితిమా? చేను మనది; ఊపిరి వానిది. తలగుడ్డ చుట్టుకొన్నంత మాత్రమున చాలదు. మంచి మాస్కును, చేతితొడుగులను చేని యజమానుడే యీయవలెను. గాలికి ఎదురుగా మందు కొట్టింపరాదు. పిల్లలను ఆ పనికి పంపరాదు. ఖాళీ డబ్బాలను ఇంట నూనెకు, నీటికి వాడనీయరాదు.

విద్యార్థి వసతిగృహములకు ఉదారముగా విరాళమిచ్చు పోషకులు, తమ తమ గ్రామములలో నీ కొద్దిపాటి సామగ్రికిని చేయి చాచినచో, ఈ మహాసభ సార్థకమగును.

స్వస్తి.