తుప్పు కన్నా ముందు వదులు చూడండి



రేడియల్ ఆర్మ్ రంపాన్ని 1922లో న్యూజెర్సీలోని బ్రిడ్జ్‌టన్‌లో రేమండ్ డివాల్ట్ తయారుచేశాడు. వెనక ఒక స్తంభం, దాని మీద చేయి, ఆ చేతి కింద ముందుకూ వెనక్కూ నడిచే మోటారు, మోటారు ఇరుసుకే బిగించిన రంపపు చక్రం. చెక్క కదలదు, రంపమే దాని మీదికి వస్తుంది. అందుకే పొడవాటి పలకలను అడ్డంగా కోయడానికి ఇంత హాయైన యంత్రం నాకు మరొకటి కనిపించలేదు.

అయినా ఇది తిన్నగా కోయదన్న చెడ్డపేరు మోస్తోంది. అందులో చాలాభాగం అన్యాయం. 1950లలో వచ్చిన డివాల్ట్ ఎంబీఎఫ్ లాంటి నమూనాల పోత ఇనుప చేయి ఇప్పటికీ నిలకడగా ఉంటుంది. తప్పేది అమరిక.

పాత రంపం ఇంటికి తెచ్చినవాళ్లు ముందు రంగు గీకడానికి కూర్చుంటారు. అది ఆఖరి పని. ముందు ప్లగ్గు తీసి, రంపపు చేతి కొస పట్టుకుని పక్కలకు గట్టిగా కదపండి. స్తంభం అడుగున కదిలితే అక్కడ బిగించాలి. ఆ చేతిలో మోటారు నడిచే పట్టాలను కిరోసిన్ గుడ్డతో తుడిచి పొడిగా ఉంచండి. నూనె రాస్తే రంపపు పొట్టు ముద్దకట్టి బేరింగుల కింద చేరుతుంది.

తరువాత అమరిక. ఇందులో వరస మార్చకూడదు. మొదట బల్ల అన్ని మూలలా చేతికి సమానదూరంలో ఉండాలి. ఆ తరువాతే చెక్కను ఆనించే పట్టీకి చేతిని మూలమట్టంతో సరిచూడాలి. పిమ్మట చక్రం బల్లకు నిట్టనిలువుగా ఉందా, చివరికి దాని ముందు పళ్లూ వెనక పళ్లూ ఒకే గీత మీద నడుస్తున్నాయా చూడాలి. ఈ చివరిది వదిలేస్తే కోత అంచు చిరుగుతుంది. పరీక్ష సులువు: వెడల్పాటి పలకను రెండుగా కోసి, ఒక ముక్కను తిరగేసి అంచులు కలపండి. సందు కనిపిస్తే, అది అసలు తప్పుకు రెట్టింపు.

ప్రమాదం మాట. పళ్లు తిరిగే దిశ వల్ల చక్రం తనంతట తానే చెక్క మీదికెక్కి మన వైపు దూసుకొస్తుంది. పళ్లు వెనక్కి వాలిన చక్రం వేస్తే ఆ దూకుడు తగ్గుతుంది. చేతులు దాని దారిలో ఎన్నడూ ఉంచకండి. నిలువు కోతకు నేను దీన్ని వాడను, వాడమని చెప్పను.

1958 నుంచి 1992 దాకా అమ్మిన సుమారు 37 లక్షల క్రాఫ్ట్స్‌మన్ రేడియల్ ఆర్మ్ రంపాలను, వాటి తయారీదారు ఎమర్సన్ 2000లో భద్రత కారణంగా రీకాల్ చేసింది. కొన్నిటికి కొత్త రక్షణ తొడుగు ఉచితంగా ఇచ్చారు. తొడుగు కుదరని నమూనాలకు మోటారు భాగం తిరిగిస్తే 100 డాలర్లు ఇచ్చారు. అందువల్ల పాతది కొనేముందు మోటారు ఉందా, తొడుగు ఉందా అడగండి.

బయట వరండాలో ఒక రంపం ఉంది, ప్లగ్గు తీసే ఉంది. వెళ్లి దాని చేతి కొస కదిపి చూడండి. వదులు ఎక్కడుందో మీరే చెప్పండి.