కొవ్వొత్తి తీసేసినా ఆగని చదువు



క్రిందటి నెలలో ఒక పెళ్లికి వెళ్లి రాత్రి బస్సులో తిరిగి వస్తున్నాం. కిటికీ పక్కన కూర్చున్న మా అమ్మాయి వున్నట్టుండి, “అమ్మా, చెట్లన్నీ వెనక్కి పోతున్నాయి గదా, చంద్రుడు మాత్రం మనతోబాటే ఎందుకు వస్తున్నాడు?” అని అడిగింది.

“మీ నాన్నగారిని అడుగు” అన్నాను. ఆయనేమో నిద్రలో వున్నారు.

“నీకు తెలీదా?”

“పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, నాకేం తెలుస్తుందే!” అన్నాను. అది మరి మాట్లాడకుండా కిటికీవైపు తిరిగి కూర్చుంది. నా మనసు చివుక్కుమంది. జవాబు తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకోవడం నా పని కాదని పిల్లకు నేర్పానే, అదీ తప్పు!

మర్నాడే లైబ్రరీ నుంచి ఒక సైన్సు పుస్తకం తెచ్చుకున్నాను. జవాబు ఎంత తేలికో చూడండి. దగ్గరి చెట్టును బస్సు క్షణంలో దాటేస్తుంది. దూరంగా వున్న కొండను దాటడానికి కొంతసేపు పడుతుంది. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో వున్నాడు. మన బస్సు పది కిలోమీటర్లు పోయినా ఆ దూరం ముందు అదేపాటి? అందుకని చంద్రుడు కనిపించే దిక్కు మారదు, మనతో వస్తున్నట్టే వుంటుంది.

ఇలా పెద్ద శాస్త్రాన్ని మనబోటివాళ్లకు విడమరచి చెప్పే రచయితలెవరా అని వెతుకుతుంటే ఒక ఇల్లాలి పేరు కనిపించింది. ఆవిడ మేరీ సోమర్‌విల్. 1780లో స్కాట్లండులో పుట్టారు. తండ్రి నౌకాదళంలో అధికారి. ఆడపిల్లకు కుట్టుపని, సంగీతం వస్తే చాలనుకునే రోజులవి. బడిలో చదివింది ఒక్క సంవత్సరమే. ఒకసారి ఆడవాళ్ల ఫ్యాషన్ పత్రిక తిరగేస్తుంటే అందులో అంకెల మధ్య అక్షరాలతో ఒక లెక్క కనిపించింది. అది ఆల్జీబ్రా అని తెలిసి, తమ్ముడి మాస్టారి ద్వారా పుస్తకాలు తెప్పించుకున్నారు. రాత్రిళ్లు మేలుకుని చదువుతుంటే, కొవ్వొత్తులు తొందరగా అయిపోతున్నాయని పనివాళ్లు తల్లికి చెప్పారు. పడుకోగానే కొవ్వొత్తి తీసుకుపొమ్మని ఆవిడ ఆజ్ఞ. పిల్ల ఏం చేసింది? అప్పటికే చదివిన జామెట్రీ లెక్కలను చీకట్లో పడుకుని మొదటినుంచీ మనసులోనే చేసుకుంటూ వచ్చింది. కొవ్వొత్తి తీసుకుపోగలరు గాని బుర్రను తీసుకుపోలేరు గదా!

మొదటి భర్తకు ఆడవాళ్ల తెలివిమీద నమ్మకం లేదు. పెళ్లయిన మూడేళ్లకే, 1807లో, ఆయన పోయారు. ఇద్దరు పసిపిల్లలతో పుట్టింటికి చేరి మళ్లీ పుస్తకం పట్టారు. 1812లో రెండో పెళ్లి కుదిరినప్పుడు కాబోయే ఆడపడుచు ఒకావిడ, ఇకనైనా ఈ పిచ్చి చదువులు మాని బుద్ధిగా సంసారం చేసుకొమ్మని ఉత్తరం రాసిందట. చూశారా, ఆడపడుచులు ఏ దేశంలోనైనా ఆడపడుచులే! కాని భర్త డాక్టర్ సోమర్‌విల్ మాత్రం కొండంత అండగా నిలిచారు.

లాప్లాస్ అనే ఫ్రెంచి పండితుడు గ్రహాల నడకను గురించి రాసిన ఉద్గ్రంథాన్ని ఇంగ్లీషువారికి అర్థమయ్యేలా రాసిపెట్టమని 1827లో ఆవిడను అడిగారు. ఆవిడ ఒక షరతు పెట్టారు: విషయం రహస్యంగా వుండాలి, బాగా రాకపోతే రాసింది నిప్పుల్లో వేసెయ్యాలి. పిల్లల చదువులూ, ఇంటి పనులూ చూసుకుంటూనే రాశారు. వాకిట గంట మోగితే చాలు, కాగితాలు దాచేసి చుట్టాలను పలకరించడానికి లేచేవారు. మగవాడు పనుందని తలుపేసుకోవచ్చు, ఆడదానికి ఆ వీలు లేదని తరవాత రాసుకున్నారు. ఆ మాట ఎవరికి తెలియదు చెప్పండి! 1831లో ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి ఆవిడ వయసు యాభై. కేంబ్రిడ్జిలో దాన్ని పాఠ్యగ్రంథంగా వాడారు.

1834లో వచ్చిన రెండో పుస్తకంలో వెలుగు, వేడి, శబ్దం, విద్యుత్తు, సముద్రపు ఆటుపోట్లు, ఇవన్నీ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి వున్నాయో చెప్పారు. యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవడంలేదనీ, కంటికి కనిపించని మరో గ్రహం దాన్ని లాగుతూ వుండవచ్చనీ తరవాతి ముద్రణల్లో సూచించారు. తనకు ఆ లెక్క వెయ్యాలన్న ఆలోచన ఆ వాక్యం చదివే వచ్చిందని ఆడమ్స్ అనే పండితుడు ఆవిడ భర్తతో అన్నాడట. 1846లో నెప్ట్యూన్ గ్రహం నిజంగానే కనబడింది.

లండన్ రాయల్ సొసైటీవారు ఆవిడ శిలావిగ్రహం చేయించి తమ హాల్లో పెట్టుకున్నారు. మనిషిని మాత్రం సభ్యురాలిగా చేర్చుకోలేదు. అక్కడ స్త్రీలకు మొదటిసారి చోటు దొరికింది 1945లో. ఆవిడ మాత్రం రాయడం మానలేదు. చివరి సైన్సు పుస్తకం 1869లో, ఎనభై ఎనిమిదో యేట అచ్చయింది. 1872లో కన్నుమూశారు.

చంద్రుడి సంగతి మా అమ్మాయికి చెప్పాను. అది వూరుకుంటుందా? “మరి చంద్రుడు కింద పడడేం?” అంది. ఈసారి నాన్నగారి పేరెత్తలేదు. “వుండు, ఇద్దరం చూద్దాం” అన్నాను. పుస్తకం ముందేసుకుని వెతికాం. చేతిలోంచి జారిన గరిటెను నేలకు లాగే శక్తే చంద్రుణ్ణీ లాగుతోందిట. కాని అతను సెకనుకు సుమారు ఒక కిలోమీటరు వేగంతో పక్కకు పోతున్నాడు. అందుకే భూమిమీద పడకుండా దాని చుట్టూ తిరుగుతున్నాడు.

మన చేతుల్లోంచి కొవ్వొత్తిని ఇప్పుడెవరూ లాక్కోవడంలేదు. “మనకెందుకులే” అంటూ మనమే ఆర్పుకుంటున్నాం. మీ పిల్లలు ఈసారి ఏదైనా అడిగితే “నాకేం తెలుసు” అనకండి. “వుండు, ఇద్దరం చూద్దాం” అనండి. వంటయ్యాక ఒక్క పావుగంట చాలు.