పొగాకునకు ఎరువు వేయుట, తల త్రుంచుట



పొగాకు చేను నల్లగా నిగారించి పెరిగినచో మనకు సంతోషము కలుగుట సహజము. కాని ఈ పైరున ఆకే సొమ్ము. తూకముతోబాటు రంగు, వాసన, కాలు గుణము చూచియే వర్తకుడు ధర కట్టును. కావున ఎరువు హెచ్చిన లాభము హెచ్చునను లెక్క ఇచ్చట చెల్లదు.

ఆకును పెంచునది నత్రజని. ఇది చాలనిచో ఆకు చిన్నదై, పాలిపోయి, ముందుగా పండును. మితిమీరినచో ఆకు దళసరియై సకాలమున పండదు. బ్యారనులో సరిగా పసుపురంగు తిరుగదు. నికోటిన్ హెచ్చి ఘాటగును. గుంటూరు ప్రాంతపు నల్లరేగళ్లలో 1920ల నుండి సాగునకు వచ్చిన వర్జీనియా రకమునకు ఇది పెద్ద దోషము. నాటు పొగాకునకు ఘాటు, దళము గుణములే గనుక దానికి బలమైన ఎరువు తగును. తేలిక భూములలో వర్జీనియాకు నత్రజనిని నాటిన నెల దినములలోపుగానే వేసి ముగింపవలయును. పెసర, జనుము వంటి పైరు వేసిన నేలలో మోతాదు తగ్గింపవలయును.

ఆకు చక్కగా కాలుటకు పొటాషు తోడ్పడును. దానిని సల్ఫేటు రూపముననే వేయుడు. మ్యూరియేటునందలి క్లోరైడు ఆకు కాలుటను చెఱచును. ఉప్పునీటి బావి తడియు అట్టిదే. ఆకున క్లోరైడు నూటికి 1.5 పాళ్లు మించకుండుట మేలు.

ఇక తల త్రుంచు సంగతి. మొగ్గ తొడిగినపుడే తల త్రుంచినచో పువ్వునకు, గింజకు పోవు ఆహారము ఆకులకు చేరి అవి వెడల్పై బరువెక్కును. వేరును బలియును. నికోటిన్ తయారగునది వేరునందే. పొగాకు వేరుపై అంటుకట్టిన టమాటా ఆకులలో నికోటిన్ చేరుట దీనికి నిదర్శనము. కావున ఎంత క్రిందుగా త్రుంచిన ఘాటు అంత హెచ్చును. నాటు రకమున కొలది ఆకులే నిలిపి త్రుంచుట ఇందులకే. వర్జీనియాయందు బలమైన నేలలో పైగా త్రుంచి ఆకులు హెచ్చుగా నిలుపవలయును. లేనిచో నత్రజని యంతయు కొలది ఆకులలో చేరి అవి మొరటుబారును. నేల నీరసమైనచో కొన్ని ఆకులు తగ్గించి త్రుంచుట యుక్తము.

తల త్రుంచిన పిమ్మట ఆకు పంగలయందు పిలకలు వచ్చును. వానిని చిన్నవిగా నుండగనే వారమునకొకమారు తీయనిచో త్రుంచిన ఫలము దక్కదు. మొజాయిక్ తెగులు చేతుల ద్వారా వ్యాపించును గనుక తెగులు మొక్కలను కడపట ముట్టి, సబ్బుతో చేతులు కడుగుకొనవలయును.

ఈ మాట పరీక్షింపగోరువారు వచ్చు పంటలో నాలుగు సాళ్లకు నత్రజని కొంత తగ్గించి, ఆ ఆకును వేఱుగా కాల్చి, వేఱుగా అమ్మి చూడుడు. తూకము తగ్గినను రాబడి తగ్గినదో లేదో మీ లెక్కల పుస్తకమే చెప్పును.