పేరు మనది, పద్దు ఎవరిది?

(కోనసీమలో ఒక పేటలో, అంబేడ్కర్ బొమ్మ దగ్గర జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నించీ కొబ్బరి దింపులకీ, పీచు పనికీ, రొయ్యల చెరువుల మీదికీ పోయి వొచ్చారు. వొండుకునే వేళ వొదులుకుని ఇక్కడ కూర్చున్నారు. అందుకని పదీ పాతికా సంగతులు చెప్పను. ఒక్క సంగతే చెబుతాను. అది పద్దు సంగతి. డబ్బు లెక్క సంగతి.

సభకి ముందు పేటంతా ఒకసారి తిరిగాను. ఒక పెద్దమ్మ చెయ్యి పట్టుకుని తన గుమ్మం ముందుకి తీసుకెళ్ళింది. అక్కడో మురుగ్గుంట. ఊళ్ళో నీళ్ళన్నీ పల్లానికి వొస్తాయి. ఆ పల్లంలోనే మన పేట. "అంతకు ముందు ఫ్యానుకేశాం బాబూ. మొన్న సైకిలుకీ, గ్లాసుకీ ఏశాం. ఎవుడికేసినా ఈ గుంట మాత్రం కదల్లేదు" అంది. నేను రాసుకొచ్చిన ఉపన్యాసమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

ఆ గుంట గురించి ఈ పేటవాళ్ళు ఆఫీసులకి తిరగని రోజు లేదు. ఎప్పుడెళ్ళినా ఒకటే జవాబు: నిధులు లేవు. నేనడిగేది ఇదే. నిధులు నిజంగా లేవా? ఉన్నవి ఎటు పోయాయి?

ముందు 2022 సంగతి గుర్తు చేసుకుందాం. ఆ ఏడు ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వొచ్చింది. బాబాసాహెబ్ పేరు పెట్టమని మనవాళ్ళు అడిగారు. మే 18న ప్రభుత్వం పేరు ప్రతిపాదించి, అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పమంది. మే 24న అమలాపురం తగలబడింది. దళిత మంత్రి ఇల్లు కాల్చారు. బీసీ ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు. బస్సులు కాల్చారు. పోలీసులకి దెబ్బలు తగిలాయి. రాజ్యాంగం రాసిన మనిషి పేరు పలకడానికి నోరు రాని వాళ్ళు ఇంకా ఉన్నారని దేశమంతా చూసింది.

ఆ రోజు రాత్రి మన పేటల్లో ఎవరు నిద్రపోయారు? ఎటునుంచి ఎవరొస్తారోనని ఆడవాళ్ళు పిల్లల్ని వొళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. జూన్‌లో మంత్రివర్గం పేరు ఖాయం చేసింది. మంచిదే. ఆ పేరు మన పోరాటం. దాన్ని ఎవరూ చెరపలేరు. కానీ ఆ మంటల కేసుల్ని ఎత్తేయాలని 2023లో నిర్ణయించింది కూడా అదే ప్రభుత్వం. పేరు మనకిచ్చారు, మాఫీ కాల్చినవాళ్ళకిచ్చారు. రెండు పక్కలా ఓట్లున్నాయి కదా!

ఇంకో రెండు సంగతులు. 2020 జూలైలో మన పక్కనే సీతానగరం పోలీస్‌స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీశారు. ఎస్సై అరెస్టయ్యాడు. 2022 మేలో, అమలాపురం తగలబడడానికి నాలుగైదు రోజుల ముందు, కాకినాడలో ఒక దళిత డ్రైవర్ హత్య జరిగింది. ఆ కేసులో అధికార పార్టీ ఎమ్మెల్సీయే అరెస్టయ్యాడు. మనవాళ్ళ కోపం గాల్లోంచి ఊడిపడలేదు. ఒక్కొక్కటిగా పోగైంది.

ఆ కోపం ఎంతదో లెక్క చెబుతాను. రాష్ట్రంలో ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ సీట్లు 29. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ వాటిలో 27 గెలిచింది. పోయిన రెండింట్లో ఒకటి మన రాజోలే. 2024లో ఆ పార్టీకి దక్కినవి రెండంటే రెండు. ఇరవై ఏడు రెండయింది! అప్పటికి మన జిల్లాలో ఉన్న ఏడు సీట్లలో ఒక్కటీ దక్కలేదు. అమలాపురం, రాజోలు, గన్నవరం రిజర్వుడు సీట్లు మూడూ పోయాయి. విజయవాడ స్వరాజ్ మైదానంలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టింది 2024 జనవరి 19న. అయిదు నెలలు తిరక్కుండా ప్రభుత్వం పోయింది. బొమ్మ ఎంత ఎత్తున నిలబెట్టినా పేటలో మురుగ్గుంట దానికి అడ్డంగా కనపడుతూనే ఉంటుంది.

ఇప్పుడు పద్దు దగ్గరికి వొద్దాం.

ఒక బడి అనుకోండి. ఆ బడిలో ఇద్దరు పిల్లలు. ఒక పిల్ల ఊళ్ళోది, ఒక పిల్ల పేటది. 2020లో అమ్మఒడి వొచ్చింది. ఊళ్ళో తల్లికీ పదిహేను వేలే, పేటలో తల్లికీ పదిహేను వేలే. ఇద్దరి ఖాతాలోనూ పడ్డాయి. ఇద్దరూ సంతోషించారు. తప్పేం లేదు, పేదింట్లో పదిహేను వేలంటే చిన్న మాట కాదు. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

కానీ ప్రభుత్వం పుస్తకంలో ఆ రెండు పదిహేను వేలూ ఒకచోట రాయలేదు. ఊళ్ళో తల్లి డబ్బు మామూలు ఖజానాలోంచి. పేటలో తల్లి డబ్బు 789 అనే పద్దు కింద. బడ్జెట్ పుస్తకంలో ఆ నెంబరు ఎస్సీ సబ్‌ప్లాన్‌ది. గిరిజనులది 796. అంటే ఊళ్ళో అమ్మాయికి ఇచ్చింది ప్రభుత్వం. మన అమ్మాయికి ఇచ్చింది మన వాటా. మన మురుగు కాలవకీ, మన శ్మశానం దారికీ, మన హాస్టలుకీ, మన కుర్రాళ్ళ లోన్లకీ రావలసిన వాటాలోంచే తీసి మన చేతిలో పెట్టారు. పైన ముఖ్యమంత్రి ఫొటో వేశారు. మన జేబులోది మనకే బహుమానం!

ఈ సబ్‌ప్లాన్ ఎవరి దయా కాదు. ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ లాంటివాళ్ళ కృషితో 1979-80లో స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ పేరుతో మొదలయింది. మాట తేలిక. రాష్ట్రం అభివృద్ధికి పెట్టే డబ్బులో మన జనాభా ఎంతో మన వాటా అంత. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మనం వందకి పదిహేడు మందిమి. అంటే వందకి పదిహేడు రూపాయలు మనకి విడిగా తీసిపెట్టాలి. వెయ్యేళ్ళుగా వెనక్కి తోసేసిన జనం, అందరితో సమానంగా నడవాలంటే అందరికీ ఇచ్చేదాని మీద ఇంకాస్త కావాలి. ఆ 'ఇంకాస్త' కోసం పెట్టిందే ఈ డబ్బు.

ముప్పై ఏళ్ళ పైచిలుకు అది కాగితం మీదే ఉంది. ఇక్కడే కాదు. 2010లో ఢిల్లీలో కామన్‌వెల్త్ ఆటలకి దళితుల వాటాలోంచి వందల కోట్లు మళ్ళించారని పార్లమెంటులోనే ఒప్పుకున్నారు. అందుకే చట్టం కావాలని మన రాష్ట్రంలో సంఘాలన్నీ రోడ్డెక్కాయి. దీక్షలు చేశాయి. 2012 డిసెంబర్‌లో అసెంబ్లీ ఒప్పుకుంది. 2013 జనవరిలో చట్టం అమల్లోకి వొచ్చింది. అప్పుడున్నది కాంగ్రెస్ ప్రభుత్వం. వాళ్ళు ప్రేమతో ఇచ్చారని ఎవరన్నా చెబితే నమ్మకండి. గుంజుకున్నాం. పదేళ్ళ గడువు పెట్టారు. 2023 జనవరిలో ఆ గడువు తీరేవేళకి మళ్ళీ అరిచాం. అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఇంకో పదేళ్ళు పొడిగించింది.

మరి చట్టం ఉంటే డబ్బు ఎలా పోయింది? ఇది జాగ్రత్తగా వినాలి. మన శత్రువు ఎప్పుడూ తలుపు బద్దలుకొట్టి రాడు. కిటికీలోంచి వొస్తాడు. ఎస్సీలకే చేరే పథకాలకి, ఎస్సీలుండే వాడలకి పెట్టే ఖర్చు పూర్తిగా సబ్‌ప్లాన్ కింద రాయాలని చట్టం చెప్పింది. అక్కడిదాకా బాగుంది. దాంతోపాటు ఇంకో ముక్క ఉంది. అందరికీ ఇచ్చే పథకంలో ఎస్సీ లబ్ధిదార్లు ఎంతమందో ఆ మేరకు ఖర్చు కూడా ఇందులో చూపించొచ్చని. పిల్లి దూరడానికి పెట్టిన ఆ కంతలోంచి ఏనుగుని దూర్చారు. పెన్షన్లు, అమ్మఒడి, రైతుభరోసా అన్నీ తెచ్చి ఎస్సీ పద్దులో కుక్కారు. పద్దు నిండింది. పేట నిండలేదు.

ఆ పార్టీవాళ్ళు ఒక మాటంటారు. "మధ్యలో దళారీ లేకుండా నేరుగా ఖాతాలో వేశాం, అది దళితుడికి అందలేదా?" అని. అందింది. కానీ అది దళితుడైనందుకు అందింది కాదు. తల్లి అయినందుకు, ముసలైనందుకు, పేదైనందుకు అందరితోపాటు అందింది. అది పౌరులుగా మన హక్కు. దళితులుగా మనకి రావలసింది వేరే. రెండూ కలిపి ఒకటి చేసి, ఒకటి మింగేశారు. ఎస్సీ కార్పొరేషన్‌ని మాల, మాదిగ, రెల్లి అని మూడు చేశారు. బోర్డులు మూడయ్యాయి, సబ్సిడీ లోన్లు మాత్రం కరువయ్యాయి. విదేశాల్లో చదివే మన పిల్లలకిచ్చే సాయానికి అంబేడ్కర్ పేరుండేది. అదే పేరు తీసి 2022లో జగనన్న పేరు పెట్టారు. జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెట్టిన ఏడాదే ఇదీ జరిగింది! ఖర్చు లేనిచోట పేరు పెట్టారు. ఖర్చున్నచోట పేరు తీసేశారు.

సరే, వాళ్ళు పోయారు. ఇప్పుడు తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి. 2024లో 175లో 164 సీట్లిచ్చాం. వాళ్ళు మన ఓటుతో ఎక్కినవాళ్ళే. అమ్మఒడి పోయి 2025 జూన్‌లో తల్లికి వందనం వొచ్చింది. ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ ఇచ్చారు. అది మంచిదే. మరి అక్కడా మన ప్రశ్న ఒకటే. పేటలో తల్లికిచ్చిన ఆ డబ్బు ఏ పద్దులో రాశారయ్యా? ఫొటో మారింది, పథకం పేరు మారింది, పద్దు మారిందా? మారకపోతే, మొన్నటివాళ్ళని దించిన మన కోపం సగమే పని చేసినట్టు.

ఈ మాట మన ఎమ్మెల్యేలు అడగాలి. మూడు రిజర్వుడు అసెంబ్లీ సీట్లు, అమలాపురం పార్లమెంటు సీటు మనవే. ఈ గడ్డ నుంచి జి.ఎం.సి. బాలయోగి గారు 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడాయన. ఈ గడ్డ నుంచే, కందికుప్ప నుంచే, బొజ్జా తారకం గారు వెళ్ళి కోర్టుల్లో దళితుల తరఫున జీవితాంతం వాదించారు. మనకి మనుషులు లేక కాదు. గెలిచినవాడికి టిక్కెట్టు ఇచ్చిన పార్టీ మీదున్న భయం, ఓటేసిన పేట మీద లేదు. ఆ భయం మనం పుట్టించలేదు.

మన తప్పు కూడా చెప్పుకుందాం. మనం కోపాన్ని అయిదేళ్ళు దాచుకుని ఒక్క పూట బూత్‌లో ఖర్చు పెడుతున్నాం. మిగిలిన రోజుల్లో దండలు వేస్తున్నాం. ఒక మనిషికి ఒక ఓటు వొచ్చినంత మాత్రాన బతుకులో సమానత్వం రాదని బాబాసాహెబ్ 1949 నవంబర్‌లోనే, రాజ్యాంగం అప్పజెప్పేటప్పుడే హెచ్చరించారు. ఆయన లెక్కలు చదివినవాడు. రూపాయి మీద పుస్తకం రాసినవాడు. మనం ఆయన బొమ్మకి దండ వేస్తున్నాం గానీ ఆయన చేతిలో పుస్తకం తెరవడం లేదు. ఇంకోటి. మాల, మాదిగ అని మనలో మనం తగువాడుకునేటప్పుడు ఈ పద్దు ఖాళీ అయిపోతోంది. పంచుకోవాలంటే ముందు వాటా చేతికి రావాలి కదా!

అందుకని ఈ సభనుంచి మూడు పనులు పెట్టుకుని ఇళ్ళకెళదాం.

ఒకటి. సమాచార హక్కు చట్టం కింద అర్జీ. గడిచిన మూడేళ్ళలో మన మండలంలో ఎస్సీ సబ్‌ప్లాన్ కింద ఎంత ఖర్చు రాశారు, ఏ పనికి, ఏ పేటలో, అని అడుగుదాం. పంచాయతీలో అర్జీకి ఫీజు లేదు. మండలాఫీసులో అయిదు రూపాయలు. జిల్లా ఆఫీసులో పది. తెల్లకార్డు ఉంటే అదీ కట్టక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. చదువుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రేపే రాయాలి.

రెండు. గ్రామసభ. జవాబొచ్చాక ఆ కాగితం గ్రామసభలో గట్టిగా చదవాలి. ఆడవాళ్ళే చదవాలి. గుంట మీ గుమ్మం ముందుంది, ప్రశ్న మీ నోట్లోంచే రావాలి.

మూడు. చట్టంలో కంత మూయించాలి. అందరికీ ఇచ్చే పథకాలు సబ్‌ప్లాన్‌లో చూపించకూడదని సవరణ కావాలి. ఖర్చు కాని డబ్బు మరుసటేడుకి తీసుకెళ్ళేలా తెలంగాణలో 2017 చట్టంలో పెట్టుకున్నారు. అది మనకీ కావాలి. ఈ మాట ఒప్పుకుని సంతకం పెట్టిన ఎమ్మెల్యేనే ఈసారి పేటలోకి రానిద్దాం. ఏ పార్టీ అయినా సరే.

మనం ఏ పార్టీకీ శత్రువులం కాము, ఏ పార్టీకీ పాలేర్లమూ కాము. అధికారంలో ఎవడుంటే వాణ్ణి లెక్కడుగుతాం. అడిగేవాడికి భయపడతారు గానీ తిట్టేవాడికి భయపడరు.

జిల్లాకి పేరు వొచ్చింది. ఇక పద్దు రావాలి. ఆ పెద్దమ్మ గుమ్మం ముందు గుంట పూడి కాలవ పడిన రోజున, ఆ పేరుకి అర్థం వొచ్చినట్టు.

జై భీం.