హెలికాప్టర్ మిషన్ ఆయిల్ పైపుల గురించి

స్లాబ్ ఫినిషింగ్ చేసేవాళ్లం ఈ హాల్లో చాలామందిమే ఉన్నాం. మనం హెలికాప్టర్ అని పిలుచుకునే మిషన్ గురించే నాలుగు మాటలు. చేత్తో తోసేది కాదు, ఎక్కి కూర్చుని నడిపేది.

వీటిలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో ఇంజను గేర్‌బాక్సుల ద్వారా బ్లేడ్లను తిప్పుతుంది. ఇంకోదాంట్లో ఇంజను పంపును తిప్పుతుంది. ఆ పంపు ఆయిల్‌ను పైపుల్లోకి గట్టిగా తోస్తే, రెండు రోటర్ల మీదున్న హైడ్రాలిక్ మోటార్లు తిరుగుతాయి. జాయ్‌స్టిక్ కొంచెం వంచితే చాలు, బండి అటే పోతుంది. పాత లివర్ల బండితో భుజాలు పడిపోయినవాళ్లకు ఇది పల్లకీ లెక్కే.

కానీ ఆ పైపులో ఒత్తిడి మాటేమిటి? కారు టైరులో 30, 35 పీఎస్ఐ ఉంటుంది. ఇక్కడ వేలల్లో ఉంటుంది. పైపుకు సూదిమొనంత రంధ్రం పడితే, ఆ ధార ఒక్కోసారి కంటికి కూడా కనబడదు. గ్లౌజునూ చర్మాన్నీ చీల్చుకుని లోపలికి పోతుంది.

మాతో పనిచేసిన ఒక తమ్ముడికి అదే జరిగింది. రాత్రి పోసిన కాంక్రీటు, తెల్లారేసరికి ఫినిషింగ్ అయిపోవాలి. కింద ఆయిల్ చుక్కలు చూసి, ఎక్కడ కారుతుందోనని పైపును వేలితో తడిమాడు. చీమ కుట్టినట్టయింది, అంతే. ఫోర్‌మన్ బ్యాండేజీ చుట్టించి మళ్లీ సీటెక్కించాడు. మేమూ "ఏం కాదులే" అన్నాం. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని వదలదు. మర్నాటికి చెయ్యి ఉబ్బిపోయింది. ఆస్పత్రికి పోతే చివరికి వేలు తీసేశారు.

ఇలాంటి దెబ్బకు గంటల్లోనే ఆపరేషన్ కావాలి. పైకి చిన్న చుక్కే కాబట్టి డాక్టరు కూడా పొరబడవచ్చు. అరబ్బీ, ఇంగ్లీషు రాకపోయినా "హైడ్రాలిక్ ఆయిల్ ఇంజెక్షన్" అనే మూడు ముక్కలు గుర్తుపెట్టుకోండి. నొప్పి లేదని రూముకు పోయి పడుకోవద్దు.

పైపు తడిగా కనబడితే ఇంజను ఆపి మెకానిక్‌ను పిలవండి. చెయ్యి మాత్రం పెట్టొద్దు. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయని అర్థం, అదీ చెప్పండి. మన వేలి గురించి చెబితే వినని ఫోర్‌మన్, స్లాబు మీద ఆయిల్ మరక పడుతుందంటే ఉరికొస్తాడు! ఆ మరక కాంక్రీటులోకి ఇంకితే పైన వేసే పెయింటు పట్టదు మరి.

డ్యూటీ ఎక్కేముందు పైపులు చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఆలస్యమైందని ఎవరైనా కేకలేస్తే మన ఫోరం పేరు చెప్పండి, వచ్చి మేము మాట్లాడతాం.